రెండు వందల పన్నెండో చుట్టు

రోజు 734

ఈ పూట పదిహేడు మొక్కలు పీకి పారేశాను. పోయిన నెల తొమ్మిది. ఎండకు చచ్చి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. ఎండకు చచ్చే కిత్తనార ఎలా చస్తుందో నాకు తెలుసు. ఆకు అంచులు పసుపు తిరిగి, ఒళ్ళంతా ముడుచుకుని, నెలల తరబడి సాగదీస్తుంది. ఇవి అలా పోలేదు. పట్టుకుని లాగితే వేళ్ళు మట్టిలోనే ఉండిపోయి పైభాగం చేతికొచ్చింది. అడుగున నల్లగా, ముద్దగా, ముక్కు మూసుకునేంత కంపు.

నీళ్ళు ఎక్కువై చచ్చాయి. మనిషికి రోజుకు రెండు లీటర్లు కొలిచి పోసే ఈ మెట్ట మీద, మొక్కలు నీళ్ళు ఎక్కువై చచ్చాయి. ఈ ముక్క తేమ శాఖకు ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక ముందు ఇక్కడ రాసుకుంటున్నాను.

నా పేరు వన్నూరమ్మ. మెట్ట పదకొండుకు మొక్కల ఎంపికదారుని. రాళ్ళు పేర్చిన చుట్లు నాలుగు వందలు, చుట్టుకో మొక్క, అన్నీ నేను ఎంచి నాటించినవే. ఇవి నాటిన నాటి నుంచి లెక్క, రోజు 830న తేమ శాఖ వాళ్ళొచ్చి చుట్లు లెక్కపెడతారు. మూడు వందలు బతికి ఉండాలి. ఒక్కటి తగ్గినా మెట్టకొచ్చే నీళ్ళ గొట్టం మూసేస్తారు. మొక్క నిలవని నేల గాలికి లేచిపోతుంది, లేచిపోయే నేలకు నీళ్ళు పంపడం దండగ అని వాళ్ళ వాదన. గొట్టం మూశాక నూట ముప్పై ఇళ్ళనూ విడదీసి కోస్తా శిబిరాల్లోకి తోలేస్తారు. తల్లి ఒక శిబిరం, బిడ్డ ఒక శిబిరం. మెట్ట తొమ్మిదికి అదే జరిగింది.

ఇవాళ్టికి బతికున్నవి మూడు వందల నలభై ఎనిమిది.

రోజు 736

పొద్దుటి నుంచి కంకర మోశాను. చుట్టులో జానెడు మందాన కంకర ఉంటే మట్టిలో తేమ ఎండకు ఆరదు. ఈ మాట రెండేళ్ళుగా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది గానీ, ఇప్పటికీ కంకర చూస్తే చాలు, పక్కకు నెట్టి మట్టి తడిమి చూసేవాళ్ళే అందరూ. మట్టి పొడిగా ఉందని మొహం వేలాడేస్తారు. పొడి మట్టిలో బతుకుతుందనే కదా ఆ మొక్కను ఎంచింది.

గట్టు మీద గరుసు నేలలో కిత్తనార, కలబంద, జెముడు. నడుమ పరికి, బలుసు. కింద కందకం వెంట తంగేడు, వావిలి. దాహం ఒకే రకమైన వాటిని ఒకే వరుసలో కూర్చోబెట్టాను. పది వరుసలు, వరుసకు నలభై. ప్రతి వరుస మొదట్లో బండ మీద చెక్కించాను, నీళ్ళు పోయరాదు అని. ఈ మెట్ట మీద చదువు రాని వాళ్ళు లేరు. ఉన్నదల్లా చెవికెక్కించుకోని వాళ్ళు.

నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనుక్కోవాలి కదా. మెట్టకున్న ఒక్క నీళ్ళ తొట్టి తాళం మారెక్క దగ్గర ఉంటుంది. కొళాయి కాపలా ఆమెదే. అడిగితే ఇంత ఎత్తు లేచింది.

"తాళం నాతాన ఉండాది. మట్టం గోడ మీద ఉండాది. సూస్కో, ఒక చుక్క తగ్గిందేమో," అంది.

"మట్టం గీతలు ఎవరైనా గీయొచ్చు," అన్నాను.

మారెక్క చేతిలో చెంబు కింద పెట్టింది. కొళాయి దగ్గర ఇరవై మంది ఉన్నారు. అందరూ వినేలా నెమ్మదిగా చెప్పింది. "నీళ్ల దొంగలు మా ఇంట్లో ల్యారు, వన్నూరమ్మా. ఎవురింట్లో ఉన్న్యారో ఈడ అందరికీ తెలుసు."

 ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను.

ఈ రాత ఎవరు చదువుతారో తెలియదు కాబట్టి చెప్పేస్తాను. ఊరు ఎండిపోయి అందరం ఇటు నడిచి వస్తున్నప్పుడు, నాలుగో రోజుకు ఒక్క క్యాను మిగిలింది. పిల్లలకని పక్కన పెట్టిన క్యాను. దాన్ని మోసేది నా మొగుడు ఎర్రిస్వామి. నమ్మకస్తుడని అతనికిచ్చారు. మధ్యాహ్నం చూస్తే సగం లేదు. ఎవరు తాగారని అడిగితే మూతి తుడుచుకుంటూ నేలచూపులు చూశాడు. మారెక్క కూతురు మల్లికకు తొమ్మిదేళ్ళు. ఆ సాయంత్రం శాఖ బండి మమ్మల్ని కలిసే గంట ముందు పోయింది. ఎర్రిస్వామి ఇక్కడికొచ్చిన నెలకు పోయాడు. మోయడానికి నలుగురు రాలేదు. నేనూ, మా ఊరి ముసలాయన హుసేనప్పా ఈడ్చుకెళ్ళాం.

తాళం ఆమె దగ్గరే ఉంది. నాకు అనుమానం తీరలేదు.

రోజు 742

హుసేనప్ప గుడిసెకు వెళ్ళాను. ప్రతి చుట్టులో ఒక వేరు సూది గుచ్చి ఉంటుంది, మట్టిలో తేమ ఎంతో అది చెబుతుంది. నాకు వచ్చేది వారం సగటు. గంట గంటకూ లెక్క కావాలంటే సూదుల్ని బాగుచేసే హుసేనప్ప దగ్గరికే పోవాలి. డెబ్భై ఏళ్ళ మనిషి, ఊర్లో పరుపులు కుట్టేవాడు, ఇక్కడికొచ్చాక సూదుల పని నేర్చుకున్నాడు.

తెర మీద గీత చూపించాడు. నెలంతా నేలకు అతుక్కుని ఉన్న గీత, రోజు 732 పొద్దున ఆరింటికి నిటారుగా లేచింది. ఒక్క చుట్టులో కాదు, దాదాపు అన్నింటిలో, అదే గంటలో. అంతకు ముందు 703లో లేచింది. అంతకు ముందు 673.

"ఇంత మందికి ఒకేసారి ఎట్లా పోస్తారు? గొట్టం విప్పుంటారు," అన్నాను.

"గొట్టమైతే నేలంతా తడస్తాదమ్మా. ఇది చుట్టు లోపలే తడిసింది," అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, సూది మొన తుడుస్తూ ఆగిపోయాడు.

"ఏంది?"

"ఏం ల్యా. నువ్వు కోపంలో ఉండావు. తర్వాత సెప్తాలే."

తర్వాత వినే ఓపిక నాకు లేదు. అక్కడే కూర్చుని తేమ శాఖకు ఫిర్యాదు రాశాను. తొట్టి తాళం ఎవరి దగ్గర ఉందో, పేరు పెట్టి రాశాను.

రోజు 748

శాఖ నుంచి జవాబు వచ్చింది. విధాత్రి అనే అధికారి సంతకం. విచారణ లేదు, అడిగింది లేదు. మారెక్క కొళాయి కాపలా తీసేశారు. పది రోజులు ఆమెకు సగం నీళ్ళు. నీళ్ళ లెక్క చూసే ఆమె చేతి పట్టీ ఎర్రగా వెలిగింది, కొళాయి దగ్గర అందరి ముందూ. లీటరు పడగానే ధార ఆగిపోయింది.

నాకు సంతోషమేసింది. రాసుకోవడానికి సిగ్గేమీ లేదు. ఆ ఎర్రటి వెలుతురు చూసి, ఇంటికొచ్చి సంగటి కడుపునిండా తిన్నాను.

రోజు 755

మెట్ట మీద నాతో ఎవరూ మాట్లాడడం లేదు. కొళాయి దగ్గర నన్ను చూస్తే ఆడవాళ్ళు వీపు తిప్పి నిలబడుతున్నారు. నేను పేర్చిన కంకర కుప్పను ఎవరో దారి పొడవునా చిమ్మేశారు. నా వాకిట్లో చీపురు విరిచి పడేశారు. మూడో వీధి ఓబులక్క అయితే నేను పక్కనుంచి పోతుంటే పిల్లకు చూపించి, "అదుగో, గొంతులు ఎండబెట్టే సంసారం," అంది. ఆ పిల్లకు ఐదేళ్ళు.

సరే, నేనూ వాళ్ళకు తక్కువ తినలేదు. ఓబులక్క అత్త పేరున ఉన్న జెముడు చుట్టులో కంకర నింపలేదు, కావాలనే.

పేర్ల సంగతి చెప్పలేదు కదూ. మొదటిసారి ఇక్కడ వేప, కానుగ నాటించాం. చలికాలం వచ్చేసరికి ఒక్కటి మిగల్లేదు, అన్నీ విరుచుకుని పొయ్యిలో పెట్టుకున్నారు. రెండోసారి నేనో ఉపాయం ఆలోచించాను. ఇంటికి మూడు, పెద్ద ఇళ్ళకు నాలుగు చుట్లు ఇచ్చి, మీ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు పెట్టుకోమన్నాను. తల్లి పేరున్న మొక్కను ఎవరు విరుస్తారు? ఎవరూ విరవలేదు. శాఖ వాళ్ళు నన్ను మెచ్చుకుని, ఆ ఉపాయం మెట్టలన్నింటికీ పంపారు. నా మూడు చుట్లలో ఒకటి మా అమ్మ, ఒకటి మా అత్త. మూడోది 212. కిత్తనార. దానికి పేరు పెట్టలేదు, నమోదులో గడి ఖాళీగా వదిలేశాను. నాటిన తర్వాత దాని వైపు చూడలేదు. పక్కన 211 కలబంద, మల్లిక పేరున. ఆ వరుసలో ఆ రెండూ పక్కపక్కన పడడం నా చేతిలో లేదు, చీటీలు తీస్తే అలా వచ్చింది.

రోజు 761

గీతల మధ్య ఇరవై తొమ్మిదో ముప్పయ్యో రోజులున్నాయని లెక్కగట్టి, పొద్దున ఐదున్నరకే పోయి గట్టు మీద తూము వెనక కూర్చున్నాను. కర్ర కూడా పట్టుకుపోయాను.

ఆరింటికి వచ్చారు. ఒకరూ ఇద్దరూ కాదు, మెట్ట మొత్తం. స్నానాలు లేవు గానీ ఉన్నంతలో ఉతికిన బట్టలు. ఒక్కొక్కరి చేతిలో చిన్న గ్లాసు. గ్లాసు మీద చెయ్యి మూత పెట్టుకుని, ఒలకకుండా చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ వచ్చారు. ఎవరి చుట్టు దగ్గరికి వాళ్ళు పోయి, కంకర పక్కకు జరిపి, నీళ్ళు పోసి, మళ్ళీ కంకర కప్పారు. ఓబులక్క తన అత్త జెముడుకు పోస్తూ, "తాగు అత్తా, సల్లగుండాయి," అంది. హుసేనప్ప తన భార్య పరికి చెట్టు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు.

నాకప్పుడు తట్టింది. అమావాస్య. శాఖ క్యాలెండరులో తిథులుండవు, రోజు నంబర్లే. రెండేళ్ళుగా వాటితోనే బతికి నేను అమావాస్యను మరిచిపోయాను. వీళ్ళు మరవలేదు. పెద్దలకు పెట్టే రోజు, పెట్టడానికి వరి బువ్వ లేదు, ఉన్న నీళ్ళే పెట్టారు. తొట్టిలోవి కావు. ఎవరి రెండు లీటర్లలోంచి వాళ్ళు రోజూ ఒక గుక్క మిగుల్చుకున్నవి.

మారెక్క అందరికంటే వెనక వచ్చింది. పెదాలు పగిలి ఉన్నాయి. చేతిలో రెండు గ్లాసులు. ఒకటి 211లో పోసింది. రెండోది 212లో పోసింది.

నేను లేచాను. కర్ర ఎప్పుడు కింద పడేశానో గుర్తు లేదు. "అది నా చుట్టు. దాంట్లో యాల పోస్తాండావు?" అని అరిచాను. నా నోట్లోంచి ఊరి మాట దానంతటదే వచ్చేసింది.

ఆమె తల తిప్పలేదు. కంకర సర్దుతూ చెప్పింది. "నా బిడ్డకి పక్కాకులో కూసున్న్యాడు. బంతిలో ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకుండా ఎట్ల దాటిపోతారు? నువ్వు పెట్టవు. ఇంగెవురు పెట్టల్ల?"

"నీకు లీటరే ఇచ్చినారు పది దినాలు."

"నువ్వు ఇప్పిచ్చిన లీటరే. అందులోనే ఇద్దరికీ తీసిపెట్టినా."

నన్ను ఎవరైనా నాలుగు కొట్టి ఉంటే బాగుండేది.

రోజు 762

వరుసలు. నేను దాహం చూసి వరుసల్లో కూర్చోబెట్టాను. వాళ్ళు దాన్ని భోజనాల బంతి అనుకున్నారు. పది బంతులు, నలభై మంది చొప్పున పెద్దలు వచ్చి కూర్చున్నారు, ముందు ఆకు లేదు, చేతిలో చెంబు లేదు. అలా చూశాక ఎవరికైనా గుక్క దిగుతుందా? వాన లేకున్నా బతికే మొక్కలని ఎంచి ఎంచి తెచ్చి, వాటికి అమ్మ పేరూ అయ్య పేరూ పెట్టమన్నది నేను. అమ్మ దాహంతో ఉంటే పక్కన నిలబడి నీళ్ళు తాగమని చెప్పింది కూడా నేనే. ఈ పనికి శాఖ నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చింది. దాన్ని ఇవాళ పొయ్యిలో పెట్టాను.

మారెక్క కాపలా ఆమెకు తిరిగి ఇవ్వమని రాశాను. తప్పు నాదని రాశాను. విధాత్రి జవాబు ఒక్క ముక్క, పరిశీలిస్తాం అని.

రోజు 775

నిన్నటికి మూడు వందల పంతొమ్మిది. పోసిన రెండు వారాలకు కుళ్ళు బయటపడుతుంది, అలాగే పడింది.

వీధివీధీ తిరిగి చెప్పాను. కుళ్ళిన వేళ్ళు తీసుకుపోయి చూపించాను. నీళ్ళే చంపుతున్నాయని, ఇంకొక్క అమావాస్య ఇలాగే పోస్తే గొట్టం మూస్తారని, పిల్లలు తలో శిబిరం పాలవుతారని చెప్పాను. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు విన్నారు. ఓబులక్క నా చేతిలోని కుళ్ళు వేరు వైపు చూసి, "అయితే మా అత్తకి దాహం అయితాంటే ఊరకుండల్లంటావా?" అంది. దానికి దాహం వేయదే తల్లీ, దాన్ని ఎంచిందే అందుకు అన్నాను. "దానికి కాదు. మా అత్తకి," అంది.

కంచె వేయిస్తానని బెదిరించాను. వేయించుకో, దూకుతాం అన్నారు. ఎనభై ఏళ్ళ ముసలాయన కూడా దూకుతానన్నాడు. ఈ మనుషులతో వేగలేక ఒళ్ళు మండిపోతోంది. గొట్టం మూస్తే మూశారు, అందరూ పోండి అనుకున్నాను కూడా. తెల్లారి లేచి మళ్ళీ కంకర మోశాను.

రోజు 780

మారెక్క ఇంటికి పోయాను. వాకిట్లోనే నిలబెట్టింది. కూర్చోమనలేదు.

"బంతిలో పెట్టడం మొదలుపెట్టినాక ఎప్పుడు ఆపుతారు?" అని అడిగాను.

"అందరూ తిన్న్యాక."

"తిన్న్యాక?"

"చేతులు కడుక్కునేకి నీళ్లిచ్చి బంతి లేపుతారు." చెప్పాక నా మొహం వైపు చూసింది. తెలివైన మనిషి, నేను ఎక్కడికి వస్తున్నానో అప్పుడే తెలిసిపోయింది.

"బంతి లేపుదాం, మారెక్కా. రెండేండ్లు పెట్టినారు. కడుపు నిండుంటాది. చేతులకి నీళ్లు కందకంలో పోస్తాం, చుట్టులో కాదు. అందరూ లేస్తారు. లేచినాక ఆకులో ఎవురూ వడ్డించరు కదా."

మారెక్క గడప మీద దుమ్ము కాలితో గీసింది.

"నేను సెప్తే ఇంటారు. నువ్వు సెప్తే ఇనరు," అంది చివరికి. "అయితే ఒకటి. ఒక్క ఆకు కాడ ఇంటోళ్లు వడ్డించకపోయినా బంతి లేపేకి ల్యా. నేను పోసింది పక్కింటోళ్లు పెట్టినట్ల. నీ మొగునికి నువ్వు పెట్టినావా?"

"వాడికి నేను పెట్టను."

"అయితే లేయడు. వాడు లేయకుంటే వరసలో ఎవురూ లేయరు."

"నీ బిడ్డని చంపినోడు," అన్నాను.

మారెక్క నన్ను కొడుతుందేమో అనుకున్నాను. "ఆ సంగతి నువ్వు నాకు సెప్పల్లనా?" అని తలుపు వేసేసింది.

రోజు 791

అమావాస్య. మారెక్క ముందుగానే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఆమె ఏం చెప్పిందో తెలియదు, నూట ముప్పై ఇళ్ళూ వచ్చాయి.

ఒక్కొక్కరూ తమ చుట్టు దగ్గర వంగి, వడ్డన చివర్లో అడిగినట్టే అడిగారు, "సాలా? ఇంగేమన్నా కావల్నా?" అని. కాసేపు ఆగారు. జవాబు వచ్చినట్టే తలూపారు. మా అమ్మకూ అత్తకూ నేనూ చుక్క వడ్డించి అడిగాను. తొమ్మిది బంతులూ అయ్యాయి. గట్టు మీది ఆరో బంతి దగ్గర అందరూ ఆగి నా వైపు తిరిగారు.

గ్లాసులో ఒక గుక్క తెచ్చాను. 212 దగ్గరికి రెండేళ్ళలో మొదటిసారి పోయాను. కిత్తనార అప్పటికే పోతోంది. మొవ్వు మెత్తబడి ఒక పక్కకు వాలింది. ఎంపికదారుగా నాకు తెలుసు, ఇంక దానికి పోసినా పోయకపోయినా ఒకటే. పెళ్ళాంగా ఏం తెలుసో నాకే అర్థం కాలేదు. సాలా అని అడగాలి. నోరు రాలేదు.  వెనక మెట్టంతా నిలబడి ఉంది.

నీళ్ళు పోశాను. "తాగినావు కదా. ఇంగ లే," అన్నాను.

ఎవరూ నవ్వలేదు. మారెక్క పోయి కందకంలో చేతుల నీళ్ళు పోసింది, ఆమె వెనక అందరూ పోశారు. తంగేళ్ళకు మంచిదే. బంతి లేచింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. వాడి మీద కోపం తగ్గి కాదు. ఆ రోజు వాడికీ అంత దాహం వేసి ఉంటుందన్న సంగతి మూడేళ్ళ తర్వాత మొదటిసారి తట్టింది, అందుకు.

రోజు 812

సూదుల గీతలు నేలకు అతుక్కుని ఉన్నాయి. ఎవరూ పోయడం లేదు. ముందు పోసిన నీళ్ళ కుళ్ళు మాత్రం లోపల పని చేస్తూనే ఉంది. 212 నేలకూలింది. 211 కలబంద కూడా పోయింది, ఆకులు నీరుకారి. మారెక్క దాన్ని పీకనివ్వలేదు, తనే పీకి, మట్టి చదును చేసి కంకర కప్పింది. 

మూడు వందల నాలుగు.

రోజు 829

సాయంత్రం నేనూ హుసేనప్పా రెండుసార్లు లెక్కపెట్టాం. రెండు వందల తొంభై తొమ్మిది. మూడోసారి పెట్టాం. అంతే.

పచ్చని ప్లాస్టిక్ ఏదైనా గుచ్చుదామా అన్నాడు హుసేనప్ప. వాళ్ళ దగ్గర ప్రాణం పట్టే పరికరం ఉంది కదా అన్నాను. ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. ఒక్కటి. ఓబులక్క అత్త జెముడుకు నేను కావాలని కంకర నింపని రోజు గుర్తొచ్చింది. కంకర లేక వేళ్ళు ఎండకు మాడి అది పోయింది, నా వల్లే. రేపు ఆమెను, ఆమె పిల్లను వేరు వేరు బండ్లు ఎక్కిస్తారు.

రోజు 830

విధాత్రి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, ముక్కుకు దుమ్ము గుడ్డ. చుట్టు దగ్గరికి పోయి, మొక్క మీద పరికరం పెట్టి, పలక మీద కొడుతూ పోయింది. మెట్టంతా ఆమె వెనక నడిచింది. మధ్యాహ్నానికి ఆరో వరుసకొచ్చింది. 211 దగ్గర పరికరం కూత పెట్టింది. నేను చచ్చినవాటి కింద రాసిన చుట్టు అది.

"ఇక్కడ ప్రాణం ఉంది," అంది.

వంగి చూశాను. నిన్న పొద్దువాటారాక చూశాం, కనపడలేదు. మారెక్క కప్పిన కంకరలోంచి వేలెడు పిలక. కలబంద కాదు. కిత్తనార. 212 చచ్చే ముందు వేరు పాకించి, రాళ్ళ చుట్టు కిందుగా పక్క చుట్టులోకి పిలక తోసింది. బతికినన్నాళ్ళూ పక్కవాళ్ళది తాగాడు. పోయాక పక్కవాళ్ళ జాగాలో మొలిచాడు.

విధాత్రి పలక చూసింది. "నమోదులో కలబంద, పేరు మల్లిక. ఇది వేరే మొక్క. చుట్టు ఎవరిదో ఆ కుటుంబం తమదని ఒప్పుకుంటే లెక్కలో వేస్తాను. లేదంటే కలుపు. పీకించేయాలి." అంతవరకూ ఎన్నయ్యాయో, ముందు వరుసల్లో ఎన్నున్నాయో అందరికీ తెలుసు. ఇదొక్కటే మూడు వందలోది.

ఒక్కరూ మారెక్కను బతిమాలలేదు. అది అడిగే హక్కు మెట్ట మీద ఎవరికీ లేదు, అందరికంటే ముందు నాకు లేదు.

మారెక్క నడుముకున్న కొడవలి తీసింది. మోకాళ్ళ మీద కూర్చుంది. పిలకను మొదట్లో పట్టుకుంది. నాకు భయమేసింది. గొట్టం కోసం అని రాస్తే అబద్ధం. వాడు మళ్ళీ పోతాడని భయమేసింది. ఆ సంగతి నాకే ఆశ్చర్యం.

"మారెక్కా," అన్నాను. 

ఆమె నా వైపు చూడలేదు. కొడవలి మొనతో పిలక ఆకు చివరి ముల్లు గిల్లింది. తర్వాత రెండోది. ఐదు ఆకులు, ఐదు ముళ్ళు, అంచుల వెంట కూడా వేలితో తడిమి నున్నగా గీరింది.

"నా బిడ్డకి గుచ్చుకుంటాది," అంది. ముళ్ళు కొంగులో కట్టుకుని లేచింది. విధాత్రితో, "మాదే. రాసుకో," అని కొళాయి వైపు నడిచి వెళ్ళిపోయింది.

విధాత్రి రాసుకుంది. తర్వాత 212 గడి దగ్గర ఆగి నన్ను అడిగింది, "దీనికి పేరు లేదేంటండీ? చనిపోయిన మొక్కకైనా పేరు ఉండాలి, గడి మూసేయడానికి." చెప్పాను. నా పుస్తకంలోనూ ఇప్పుడు రాస్తున్నాను.

212. ఎర్రిస్వామి. కిత్తనార. పోయింది.

211. మల్లిక. కిత్తనార పిలక, ముళ్ళు తీసినది. బతికి ఉంది. నీళ్ళు పోయరాదు.